పాత ఇంజనుకు షెల్ బేరింగులు: కనెక్టింగ్ రాడ్లలో మార్చినవి, మార్చకుండా ఉంచినవి

ఇంజను అడుగు భాగం నుంచి వచ్చే చప్పుళ్లన్నింటిలో పిస్టను కదలికను క్రాంక్‌కు, అంటే ఇంజనులో తిరిగే వంపుల ఇరుసుకు, చేర్చే కనెక్టింగ్ రాడ్ బేరింగు చప్పుడును గుర్తుపట్టడం కొంత తేలిక. బండి బరువును ఇంజను లాగుతున్నంతసేపూ అది అణగి ఉంటుంది. యాక్సిలరేటర్ మీది కాలును కొద్దిగా సడలించి, ఇంజను బండిని లాగడమూ లేదు, బండి ఇంజనును తిప్పడమూ లేదు అన్న స్థితికి రాగానే, లోపల ఎవరో చిన్న సుత్తితో వరుసగా కొడుతున్నట్టు టకటకమంటుంది. నా 1930 నాటి ఫోర్డ్ మోడల్ ఏ కారులో ఈ చప్పుడు మొదలైనప్పుడు, ఒక్కొక్క స్పార్క్ ప్లగ్గునూ విడిగా పనిచేయకుండా చేసి విన్నాను. మూడో సిలిండరులో మంట ఆపగానే చప్పుడు దాదాపు మాయమైంది. ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టిని, అంటే సంప్‌ను, విప్పి చూస్తే నూనె అడుగున వెండి రజను వంటి పలుచని రేకులు కనిపించాయి. మూడో రాడ్ పై సగంలో బేరింగుగా పనిచేసే మెత్తని లోహం, వైట్ మెటల్, ఎండిన చెరువులో రేగడి నెర్రెలిచ్చినట్టు, అడ్డదిడ్డంగా పగిలి ఉంది.

ఈ ఇంజనులో రాడ్ల పెద్ద చివరన విడిగా తీసి మార్చగలిగే బేరింగు ఉండదు. కరిగించిన వైట్ మెటల్‌ను నేరుగా రాడ్ రంధ్రంలో పోసి, చల్లారిన తర్వాత కావలసిన కొలతకు బోరు చేస్తారు. ఐజాక్ బాబిట్ 1839లో రూపొందించిన మిశ్రలోహపు వంశానికి చెందిన లోహమే ఇది, కాబట్టి దీనికి బాబిట్ అన్న పేరు కూడా ఉంది. తగరం ప్రధానంగా ఉండే రకంలో సుమారు 89 శాతం తగరం, 7 శాతానికి పైగా ఆంటిమొనీ, 3 శాతానికి పైగా రాగి ఉంటాయి. మెత్తని తగరపు నేలలో గట్టి రేణువులు నాటుకుని ఉన్నట్టుండే ఈ నిర్మాణమే దాని గుణానికి మూలం. నూనెతో పాటు వచ్చిన ఇసుక రేణువును అది తనలోకి దిగబెట్టుకుని క్రాంక్‌ను గీతల నుంచి కాపాడుతుంది. క్రాంక్ కొద్దిగా వంకరగా ఉన్నా దానికి తగ్గట్టు తాను ఒదిగిపోతుంది. గట్టిపరచని మెత్తని స్టీలు క్రాంకులు, ఫిల్టరు లేని నూనె వ్యవస్థలు ఉన్న ఆ కాలపు ఇంజనులకు ఇంతకంటే తగిన లోహం లేదని నేను ఇప్పటికీ నమ్ముతాను.

దాని బలహీనత అలసట, అంటే పదేపదే పడే బలానికి క్రమంగా పగలడం. రాడ్ ప్రతి చుట్టులోనూ బేరింగును ఒకసారి తోస్తుంది, ఒకసారి లాగుతుంది. మోడల్ ఏ ఇంజను నిమిషానికి 2200 చుట్ల వద్ద 40 హార్స్‌పవర్ ఇస్తుంది. పిస్టను, రాడ్ల జడత్వం వల్ల కలిగే బలం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కాబట్టి, అదే ఇంజనును 3000 చుట్లకు తిప్పితే ఆ భాగం దాదాపు 1.86 రెట్లవుతుంది. నేటి రోడ్ల మీద మిగిలిన బండ్లతో కలిసి పోవాలన్న ఆరాటంలో మనలో చాలామందిమి చేసేది సరిగ్గా ఇదే. ఇంజను పాతబడింది కాబట్టి బేరింగు పగిలిందని చెప్పడం కంటే, నేను దాన్ని తోలిన తీరు వల్ల పగిలిందని చెప్పడం నిజానికి దగ్గరగా ఉంటుంది.

అయితే ఆ అలసట లోహంతో పాటు దాని మందం మీద కూడా ఆధారపడి ఉంటుందన్నది ఈ మొత్తం మార్పుకు కీలకం. ఒకే వైట్ మెటల్‌ను మందంగా పోస్తే, పై నుంచి పడే ఒత్తిడికి అది తన లోపలే అటూ ఇటూ సాగుతూ త్వరగా పగులుతుంది. అదే లోహాన్ని స్టీలు రేకు మీద మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూగా పలుచని పొరగా అతికిస్తే, వెనకనున్న స్టీలు దాన్ని సాగనివ్వదు, అందువల్ల అది ఎన్నో రెట్లు ఎక్కువ కాలం నిలుస్తుంది. రెండు అర వృత్తపు రేకులుగా రాడ్‌లో అమరి, విడిగా తీసి మార్చగలిగే షెల్ బేరింగు బలమంతా ఇదే. కొత్త లోహం ఏదో వచ్చి పాత లోహాన్ని ఓడించిందనుకోవడం సగం నిజమే. తొలి అడుగులో గెలిచింది పలుచదనం. ఈ పలుచని గోడ షెల్లును అమెరికాలో క్లీవ్‌లాండ్ గ్రాఫైట్ బ్రాంజ్ సంస్థ వాడుకలోకి తెచ్చింది. దాని లైసెన్సు తీసుకుని బ్రిటన్‌లో తయారు చేసిన టోనీ వాండర్‌వెల్ ఆ బేరింగు పేరునే తన రేసు కారుకు థిన్‌వాల్ స్పెషల్ అని పెట్టుకున్నాడు. 1958లో మొట్టమొదటి ఫార్ములా వన్ కన్‌స్ట్రక్టర్స్ చాంపియన్‌షిప్ గెలిచిన వాన్‌వాల్ అన్న పేరు కూడా ఆయన ఇంటిపేరునూ ఈ థిన్‌వాల్‌నూ కలిపి చేసిందే. ఒక బేరింగు పేరు అంత దూరం ప్రయాణించడం నాకెప్పుడూ ముచ్చటగా ఉంటుంది.

పాత ఇంజనులన్నీ ఒకే దారిలో నడవలేదని కూడా ఇక్కడ చెప్పాలి. ఫోర్డ్ 1932లో తెచ్చిన వీ8 ఇంజనులో ఒకే క్రాంక్ పిన్ (రాడ్ పట్టుకుని ఉండే క్రాంక్ భాగం) మీద పక్కపక్కనే కూర్చునే రెండు రాడ్లకూ కలిపి ఒకే జత షెల్లులు ఉండేవి. అవి రాడ్లకు బిగుసుకుని ఉండకుండా, లోపల క్రాంక్ మీదా బయట రాడ్ల లోపలా కూడా జారుతూ తేలేవి. షెవర్లే ఆరు సిలిండర్ల ఇంజను మాత్రం 1950ల మొదటి సంవత్సరాల దాకా పోత వైట్ మెటల్‌నూ చిమ్ముడు నూనెనూ వదలలేదు. కాబట్టి మీ ఇంజను ఏ సంవత్సరానిదో తెలిసినంత మాత్రాన లోపల ఏముందో తెలిసిపోతుందని అనుకోకుండా, ఒక రాడ్ క్యాపు (పెద్ద చివరలో బోల్టులతో బిగించిన కింది సగం) విప్పి చూడడం మంచిది.

ఇక నా ముందున్న ప్రశ్న, మళ్లీ వైట్ మెటల్ పోయించాలా, లేక రాడ్లను షెల్లులకు అనువుగా మార్పించాలా అన్నది. మళ్లీ పోయించడాన్ని తక్కువ చేసి మాట్లాడేవారితో నేను ఏకీభవించను. రాడ్‌ను శుభ్రం చేసి, తగరం పూత సరిగ్గా పట్టించి, సరైన వేడిలో పోసిన బేరింగు కారు పుట్టినప్పటి వేగంలో తోలేవాడికి దశాబ్దాలు నిలుస్తుంది. పగుళ్లు లేని పాత బేరింగును కేవలం పాతదన్న కారణంతో తీసిపారేయడం వృథా. నా మనసు షెల్లుల వైపు మొగ్గడానికి కారణం వేరు. పోత పని నాణ్యత పోసినవాడి చేతిలో ఉంటుంది, ఆ చేయి ఎంత మంచిదో ఇంజను కొన్ని వేల కిలోమీటర్లు తిరిగితే తప్ప తెలియదు. షెల్లు విషయంలో ప్రతి కొలతనూ బిగించక ముందే నేను స్వయంగా మైక్రోమీటరుతో చూసుకోవచ్చు. పైగా తర్వాత ఎప్పుడైనా బేరింగు అరిగితే రాడ్‌ను మళ్లీ మెషీన్ షాపుకు పంపకుండా షెల్లులు మాత్రం మారిస్తే సరిపోతుంది.

షెల్లుల్లో ఏ రకం తీసుకోవాలన్న దగ్గర చాలామంది పొరపాటు పడతారు. తర్వాతి కాలపు ఇంజనుల్లో ఎక్కువగా కనిపించినవి స్టీలు వెన్ను మీద రాగి-సీసం పొర, దాని మీద పలుచని మెత్తని పూత ఉన్న మూడు పొరలవి. లేదా అల్యూమినియం-తగరం పొర ఉన్న రెండు పొరలవి. ఇవి ఎక్కువ బరువును మోస్తాయి గానీ, పైపూత అరిగిన తర్వాత వైట్ మెటల్‌లాగా మురికిని కడుపులో దాచుకోలేవు, మెత్తని క్రాంకును అంతగా మన్నించవు. మోడల్ ఏ ఇంజనుకు నూనె ఫిల్టరు లేదు, దాని క్రాంక్ పిన్నులు గట్టిపరచినవి కావు. అలాంటి ఇంజనులో రేసింగు కోసం చేసిన షెల్లును పెట్టడమంటే బేరింగును కాపాడి క్రాంకును బలిపెట్టడమే. అందువల్ల స్టీలు వెన్ను మీద పలుచని వైట్ మెటల్ పొర ఉన్న షెల్లులనే ఎంచుకున్నాను.

క్రాంక్ సంగతి. మోడల్ ఏ రాడ్ పిన్నుల వ్యాసం అంగుళంన్నర, అంటే 38.1 మి.మీ. నాలుగు పిన్నులనూ రెండు చివరల్లోనూ, ఒకదానికొకటి లంబంగా ఉండే రెండు దిశల్లోనూ కొలిచాను. మూడో పిన్ను గుండ్రదనం ఒక థౌ దాకా తప్పింది. వర్క్‌షాపు భాషలో థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, 0.0254 మి.మీ. షెల్లు బేరింగుకు అర థౌ దాటితేనే నేను అనుమానిస్తాను, ఒక థౌ అంటే గ్రైండింగుకు పంపాల్సిందే. గ్రైండు చేసే ముందు అయస్కాంత పరీక్షతో పగుళ్లు చూపించుకున్నాను. పగులున్న క్రాంకును అందంగా గ్రైండు చేయించడం కంటే విచారకరమైన ఖర్చు ఇంకొకటి ఉండదు. నాలుగు పిన్నులనూ 10 థౌ, అంటే సుమారు 0.25 మి.మీ. తగ్గించి, ఆ అండర్‌సైజుకు తగిన షెల్లులు తెప్పించాను. గ్రైండు చేసేవారికి నేను రాసి ఇచ్చిన ఒకే ఒక్క షరతు, పిన్ను దాని పక్కనున్న క్రాంక్ చేయితో, అంటే వెబ్‌తో, కలిసే మూలలో ఉన్న వంపును పాత వ్యాసార్థంతోనే ఉంచమని. ఆ మూలను చదరంగా కోస్తే క్రాంక్ అక్కడే విరుగుతుంది. మరోవైపు ఆ వంపు మరీ పెద్దదైతే షెల్లు అంచు దాని మీదకెక్కి కరుచుకుంటుంది. క్రాంకును ఇంజనులో పట్టి ఉంచే మెయిన్ బేరింగులు మూడూ చక్కగా ఉన్నందున వాటిని ముట్టుకోలేదు.

రాడ్ల పని అసలైన పని. పాత వైట్ మెటల్ సుమారు 240 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరగడం మొదలవుతుంది కాబట్టి చాలామంది దాన్ని మంటతో కరిగించి తీస్తారు. నేను మెషీను మీద బోరు చేయించి తీయించాను, దానికి కారణం ఉంది. ఈ రాడ్లలో వైట్ మెటల్ రంధ్రంలోనే కాక రెండు పక్కలకూ పొరగా పాకి ఉంటుంది, రాడ్ క్రాంక్ వెబ్‌ల మధ్య అటూ ఇటూ జరగకుండా నిలిపేది ఆ పొరే. షెల్లుకు పక్క అంచులు ఉండవు. మొత్తం కరిగించేస్తే పక్క ఖాళీ అమాంతం పెరిగిపోతుంది. ఈ సంగతి ముందుగా ఆలోచించనివారు ఇంజను బిగించేటప్పుడు ఆశ్చర్యపోతారు. మూడు రాడ్ల పక్క పొరలు గట్టిగానే ఉన్నాయి. మూడో నంబరు రాడ్‌కు మాత్రం అది కూడా ఊడిపోయి ఉండడంతో, పక్కలకు మళ్లీ తగరం పూత పెట్టించి, వైట్ మెటల్ పోయించి, లేత్ మీద సమం చేయించాల్సి వచ్చింది. ఈ ఒక్క తేడా తర్వాత నన్ను రెండు రోజులు తిప్పలు పెట్టింది.

బోరు చేయక ముందు రాడ్ వంగిందా, మెలి తిరిగిందా అని చూడాలి. ఆ తర్వాత క్యాపుకూ రాడ్‌కూ మధ్య ఉండే షిమ్‌లను, అంటే పలుచని రేకు పొరలను, శాశ్వతంగా తీసేయాలి. పాత పద్ధతిలో బేరింగు అరిగినప్పుడల్లా ఒక్కొక్క షిమ్ పొర తీసి క్యాపును దగ్గరకు జరిపేవారు. దాంతో నిలువు ఖాళీ తగ్గేది గానీ అడ్డం ఖాళీ తగ్గేది కాదు, అంటే రంధ్రం గుండ్రదనం పోయి కోడిగుడ్డు ఆకారం వచ్చేది. మెత్తని మందపాటి లోహాన్ని చేత్తో గీకి సరిచేసుకునే రోజుల్లో అది చెల్లింది. షెల్లుకు అది చెల్లదు. కాబట్టి క్యాపు ముఖాలను కొద్దిగా రాపిడి పట్టించి, బోల్టులను చివరికి ఎంత టార్కుతో (తిప్పే బలంతో) బిగిస్తామో సరిగ్గా అంతే టార్కుతో బిగించి, అలా బిగించిన స్థితిలోనే రంధ్రాన్ని షెల్లు బయటి కొలతకు బోరు చేసి హోన్ చేయాలి, అంటే సాన రాళ్లతో నునుపు చేయాలి. వదులు బోల్టులతో బోరు చేసిన రంధ్రం బిగించగానే ఆకారం మార్చుకుంటుంది. క్యాపుల మీదా రాడ్ల మీదా నంబర్లు కొట్టి, ఒకదాని క్యాపు ఇంకొకదానికి పోకుండా చూసుకోవాలని వేరే చెప్పనక్కర్లేదు.

ఇంత గుండ్రదనం ఎందుకంటే, షెల్లును రాడ్‌లో నిలిపి ఉంచేది దాని అంచున పొడుచుకొచ్చిన చిన్న నాలుక అన్నది ఒక అపోహ. ఆ నాలుక బిగించేటప్పుడు షెల్లు సరైన చోట కూర్చోవడానికి మాత్రమే. తిరగకుండా పట్టి ఉంచేది క్రష్. ప్రతి అర షెల్లూ అర వృత్తం కంటే వెంట్రుక వాసి పొడవుగా తయారవుతుంది. క్యాపు బిగించినప్పుడు రెండు అర షెల్లుల అంచులూ ఒకదాన్నొకటి నెట్టుకుని, షెల్లు వెన్ను చుట్టూ రాడ్ గోడకు బలంగా ఒత్తుకుంటుంది. ఆ ఒత్తిడి వల్లే అది తిరగదు, ఆ ఒత్తిడి వల్లే లోపలి వేడి రాడ్‌లోకి పోతుంది. రంధ్రం కొద్దిగా పెద్దదైతే క్రష్ పోతుంది. క్రష్ లేని షెల్లు ముందు సన్నగా కదులుతుంది, వెన్ను నల్లబడుతుంది, చివరికి క్రాంకుతో పాటు తిరిగి రాడ్‌ను నాశనం చేస్తుంది. అంచులు పొడుచుకొచ్చాయి కదా అని ఆకురాయితో రాసేవారిని చూశాను. వారు తీసేస్తున్నది బేరింగు ప్రాణాన్ని.

నూనె రంధ్రాల విషయానికి వస్తే, మోడల్ ఏ ఇంజనులో పంపు నూనెను వాల్వ్ చాంబరులోకి ఎత్తుతుంది, అక్కడి నుంచి అది తన బరువుతోనే మెయిన్ బేరింగులకు దిగుతుంది, మిగిలింది రాడ్ల కింద ఉన్న తొట్టి వంటి పళ్లెంలోకి చేరుతుంది. రాడ్ క్యాపు కింద ఉన్న చిన్న గరిటె ప్రతి చుట్టులోనూ ఆ నూనెలో మునిగి, కొంత నూనెను క్యాపు రంధ్రం గుండా బేరింగులోకి తోస్తుంది. అందువల్ల కింది షెల్లులో ఆ రంధ్రానికి ఎదురుగా రంధ్రం ఉండాలి, దాని అంచులకు బరకు ఉండకూడదు, గరిటె నోరు క్యామ్‌షాఫ్టు వైపు తిరిగి ఉండాలి. క్రాంకులో మెయిన్ నుంచి రాడ్ పిన్నుకు ఏటవాలు రంధ్రాలు వేయించి, ఒత్తిడితో నూనె పంపే మార్పు కూడా చేయవచ్చు. ఎక్కువ వేగం కావాలనుకునేవారికి అదే సరైన దారి, దానితో పాటు ఫిల్టరు కూడా పెట్టుకోవాలి. నాకు ఆ వేగం అక్కర్లేదని నిర్ణయించుకున్నాను గనుక గరిటెలనే ఉంచాను. తిరిగే పిన్ను నూనెను సన్నబడే ఖాళీలోకి తానే లాక్కుని, దాని మీద తేలుతుంది. బోషాంప్ టవర్ 1883లో రైలు ఇరుసు బేరింగుల ప్రయోగాల్లో ఈ ఒత్తిడిని కనిపెట్టాడు, ఆస్బోర్న్ రేనాల్డ్స్ 1886లో దానికి గణితం రాశాడు. పంపు పని నూనెను ఆ గుమ్మం దాకా చేర్చడమే. బరువును మోసేది మాత్రం తిరుగుడు వల్ల పుట్టే ఈ నూనె పొర. ఆ పొర నిలవాలంటే ఖాళీ సరిగ్గా ఉండాలి.

ఖాళీకి నేను పాటించే లెక్క పిన్ను వ్యాసంలో ప్రతి అంగుళానికి ఒక థౌ, అంటే ఈ ఇంజనుకు థౌన్నర, సుమారు 0.04 మి.మీ. బోర్ గేజ్‌తో కొలిచిన తర్వాత కూడా ప్లాస్టిగేజ్‌తో మరోసారి చూడడం నా అలవాటు. మైనపు దారం లాంటి ఆ తీగను పిన్ను మీద పెట్టి, క్యాపును పూర్తి టార్కుకు బిగించి, క్రాంకును ఏమాత్రం తిప్పకుండా మళ్లీ విప్పి, నలిగిన వెడల్పును కొలబద్దతో పోల్చాలి. ఒకటి, రెండు, నాలుగు రాడ్లలో 0.04 వచ్చింది. మూడోదానిలో 0.07 వచ్చింది. మళ్లీ చేశాను, మళ్లీ అంతే. షెల్లులు మార్చి చూసినా, పిన్ను మళ్లీ కొలిచినా తేడా కనిపించలేదు.

అప్పుడు క్రష్ చూశాను. రెండు బోల్టులనూ పూర్తిగా బిగించి, ఒకదాన్ని వేలితో తిప్పగలిగినంత వదులు చేస్తే, ఆ వైపు క్యాపు, రాడ్ ముఖాల మధ్య చిన్న సందు తెరుచుకోవాలి. ఎందుకంటే షెల్లు అంచులు వాటిని దూరంగా నెడతాయి. మిగిలిన మూడింటిలోనూ ఫీలర్ గేజ్ దూరేంత సందు వచ్చింది. మూడోదానిలో దాదాపు ఏమీ రాలేదు. క్యాపు విప్పి, దాని ముఖాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే, ఒక మూలన అద్దంలా మెరిసే సన్నని మరక కనిపించింది. పక్కలకు వైట్ మెటల్ పోసినప్పుడు పాకిన తగరపు పొర అది. ఆ పని బోరు చేసిన తర్వాత జరిగింది, దాని తర్వాత రంధ్రాన్ని మళ్లీ కొలవకపోవడం నా తప్పే. కంటికి ఆనని ఆ పొర క్యాపును మిల్లీమీటరులో మూడు వందో వంతుల మేర ఎత్తి పట్టింది, అంతే మేర ఖాళీని పెంచింది, అంతే మేర క్రష్‌ను తినేసింది. ముఖాన్ని దెబ్బ తీయకుండా పదునైన స్క్రేపరుతో తగరాన్ని మాత్రం తీసి మళ్లీ బిగించగానే రంధ్రం అసలు కొలతకు వచ్చింది. ప్లాస్టిగేజ్ 0.04 చూపించింది, వదులు చేసిన వైపు సందు తెరుచుకుంది. దీన్ని గమనించకుండా బిగించి ఉంటే కొత్త బేరింగు నుంచే పాత చప్పుడు వచ్చేది, నేను నింద షెల్లుల మీద వేసేవాణ్ణి.

మిగిలింది త్వరగానే సాగింది. నాలుగు రాడ్లనూ తూచి, వాటి పెద్ద చివర, చిన్న చివర బరువులు విడివిడిగా సమం చేశాను. షెల్లు వెన్నూ రాడ్ గోడా పూర్తిగా పొడిగా తుడిచి, లోపలి ముఖానికి మాత్రం నూనె రాశాను. వెన్నుకు నూనె రాస్తే పట్టు తగ్గి, వేడి పోవడం మందగిస్తుంది. కోటగోడ వంటి గాళ్లున్న నట్టులో కాటర్ పిన్ను రంధ్రం సరిపడకపోతే నట్టును వెనక్కి వదులు చేయకుండా, నట్టు కింది ముఖాన్ని కొద్దిగా రాసి మళ్లీ బిగించాను. ఒక్కొక్క రాడ్ బిగించిన తర్వాత క్రాంకును చేత్తో తిప్పి చూస్తూ పోయాను. సంప్ మూయక ముందు రాడ్ల కింది పళ్లేన్ని నూనెతో నింపాను, లేకపోతే మొదటి క్షణాల్లో గరిటెలకు అందేది గాలే.

ఇంజను మొదలైనప్పుడు అడుగు నుంచి ఏ చప్పుడూ రాలేదు. దాని కంటే ఎక్కువగా నాకు కావలసింది కళ్లతో చూడడం. 500 కిలోమీటర్లు, పాత వేగాన్ని దాటకుండా తోలిన తర్వాత నూనె దించి, సంప్ విప్పి, మూడో రాడ్ క్యాపు తీశాను. కింది షెల్లు మీద బూడిద రంగు మెరుగు ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా ఒకే తీరుగా పరుచుకుని ఉంది. వెన్ను మీద నల్లటి మచ్చ ఏదీ లేదు. నూనె అడుగున వెతికినా వెండి రేకు ఒక్కటీ దొరకలేదు. క్యాపు బిగించి, కొత్త కాటర్ పిన్నులు వేసి, కొత్త గాస్కెట్‌తో సంప్ మూసేశాను.